గుర్రం దొరుకుతుంది, పక్కన నడిచే మనిషే దొరకాలి

హైదరాబాద్‌లో గుర్రాలకు కొదవ లేదు. మలక్‌పేట రేసుల్లో పరుగు మానినవి ఉన్నాయి, పెళ్లి బరాత్‌లకు తిరిగేవి ఉన్నాయి. దివ్యాంగులకు స్వారీ నేర్పే కేంద్రం పెట్టాలనుకునేవాళ్లు అందుకే ముందు గుర్రం బేరమాడతారు. లెక్క తప్పేది అక్కడే. ముందు జీతమిచ్చి పెట్టుకోవాల్సింది గుర్రానికి రెండు పక్కలా నడుస్తూ పైనున్నవాళ్లను కాసుకునేవాళ్లను.

గుర్రం నడుస్తుంటే పైనున్న మనిషి నడుము ముందుకూ వెనక్కూ, పక్కలకూ, కాస్త మెలి తిరుగుతూ కదులుతుంది. మనం నడిచేటప్పుడు కదిలేదీ దాదాపు ఇలాగే. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పడం) ఉన్న పిల్లాడికి ఆ ఊపు నిమిషానికి సుమారు 100 సార్లు అందుతుంది. ఒరిగిన ఒళ్లు ప్రతిసారీ తనంతట తాను నిటారుకు రావాలి.

పక్కవాళ్లు చెడగొట్టేది దీన్నే. పడిపోతాడన్న భయంతో నడుం బెల్టు పట్టి తమవైపు లాగుతారు, అవతలివాడూ లాగుతాడు. పిల్లాడు గుంజకు కట్టేసినట్టు కూర్చుంటాడు, వెన్నుకు పనే ఉండదు. ముంజేతిని పిల్లాడి తొడ మీద తేలిగ్గా ఆనించి, వేళ్లతో జీను ముందు అంచు పట్టుకోవాలి. మోచెయ్యి గుర్రం డొక్కకు తగిలితే అది అదిలించారనుకుని అడుగు పెంచుతుంది. చెయ్యి నొప్పి పుడితే గుర్రాన్ని ఆపి, శిక్షకుడు ఆ పక్కకు వచ్చి పట్టుకున్నాకే ఒక్కొక్కరుగా పక్క మారాలి.

గుర్రం ఎత్తు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. గుర్రం ఎత్తును హ్యాండ్లలో కొలుస్తారు, ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 16 హ్యాండ్ల రేసు గుర్రం మూపు దగ్గర 5 అడుగుల 4 అంగుళాలు. మామూలు ఎత్తు మనిషి చెయ్యి అంత పైకెత్తి ఎంతసేపు నడుస్తాడు? 14 హ్యాండ్లదైతే హాయి. కానీ జీనుతో కలిపి మోత గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదంటారు. 350 కిలోల గుర్రానికి 70 కిలోలే. పెద్దవాళ్లకు అది చాలదు. పైగా రేసు గుర్రానికి పగ్గం బిగిస్తే దాని మీద ఆనుకుని దూకడం అలవాటు. బరాత్ గుర్రం టపాసులకు బెదరదు, నిజమే. పక్క వీధిలో మర్ఫా మోగితే మాత్రం చిందు తొక్కుతుంది.

ఎవరిని ఎక్కించకూడదో చెప్పడం శిక్షకుడి పనిలో కష్టమైన భాగం. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మెడలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు సడలి ఉండొచ్చు. డాక్టరు పరీక్ష చేయకుండా ఎక్కించకూడదు. అదుపులో లేని మూర్ఛ, జారిన తుంటి కీలు, కూర్చునేచోట పుండ్లు ఉన్నా అంతే. భారత పునరావాస మండలి నమోదు చేసే వృత్తుల్లో స్వారీ శిక్షకుడు లేడు. కాబట్టి ఫిజియోథెరపిస్టు తోడు లేకుండా 'చికిత్స' అని బోర్డు పెట్టడం నా దృష్టిలో తప్పు.

పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ రైడర్ లిస్ హార్టెల్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రజతం గెలిచారు. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఆమెకూ మనిషి సాయం కావలసి వచ్చింది. ప్రమాదాలకు ఎక్కువ తావున్నదీ ఆ రెండు ఘడియల్లోనే. ఎక్కించే ర్యాంపు పక్కన గుర్రం అడుగు జరిగితే మధ్యలో సందు పడుతుంది. అందుకే తాడు పట్టి గుర్రాన్ని నడిపేవాడు దానికి ఎదురుగా నిలబడాలి, తాడును చేతికి చుట్టుకోకుండా మడతలుగా పట్టుకోవాలి.

కొత్తగా చేరినవాళ్లకు ఇవన్నీ నోటితో చెబితే ఎక్కవు. కళ్లకు గంత కట్టి వాళ్లనే గుర్రం ఎక్కించి, ఇద్దరి చేత నడుం బెల్టు పట్టించి లాగించాలి. రెండో చుట్టుకు వాళ్లే వదలమని అరుస్తారు.