‘అంత గుడ్డిగా ఎలా నమ్మేసేడండీ?’

మా రామచంద్రపురంలో రెండు నెలలుగా ఒక పుస్తకం చేతులు మారుతోంది. నిజంగా జరిగిన హత్య మీద రాసింది. నమ్మిన మనిషిని అతను నమ్మినవాళ్లే పిలిపించి చంపేసిన కథ. పేరు చెప్పను. పుస్తకం బాగుందా లేదా అన్నది ఇక్కడ నా గొడవ కాదు, నా గొడవంతా చదివినవాళ్లతో.

రిటైరైన హెడ్మాస్టరు గారు పుస్తకం మూసి మొట్టమొదట అన్న మాట, ‘అంత గుడ్డిగా ఎలా నమ్మేసేడండీ?’ ఎరువుల కొట్టాయనది ఇంకో మాట: ‘ఒక్కడే ఎందుకెళ్లాలండి? తోడు ఎవర్నైనా తీసుకెళ్లొచ్చు కదా.’ కాలేజీ కుర్రాడొకడు హంతకుడు ఎక్కడ తప్పు చేశాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఫోను అలా వాడకుండా ఉంటే దొరికేవాడు కాదట. మరొకాయన సగం చదవకముందే అడిగాడు: ‘ఇంతకీ వాళ్లేవిట్లు?’ కులం తెలిస్తే కథ సగం అర్థమైపోతుందని ఆయన నమ్మకం.

ఈ ప్రశ్నలన్నీ వేరువేరుగా కనిపిస్తాయి గానీ అన్నీ తిరిగి తిరిగి చచ్చిపోయినవాడి దగ్గరికే వస్తాయి. ఎందుకు నమ్మాడు, ఎందుకు వెళ్లాడు, ఎందుకు అప్పిచ్చాడు. చంపినవాడు అప్పటికే జైల్లో ఉన్నాడు కాబట్టి అతణ్ని వదిలేసి, మాట్లాడలేని మనిషిని బోనెక్కించి మనం విచారణ మొదలుపెడతాం. నమ్మకద్రోహం కథ చదివి ద్రోహాన్ని వదిలేసి నమ్మకాన్ని తప్పుపట్టడం పెద్ద అన్యాయమని నేనంటాను. ఎందుకో చెప్పడానికి మన పక్కనే జరిగిన ఒక పాత కేసు కన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

లా చదివినవాళ్లెవరిని కదిపినా చెబుతారు, పాకాల నారాయణస్వామి వర్సెస్ కింగ్ ఎంపరర్ అని. మరణ వాంగ్మూలం (చనిపోయిన మనిషి తన చావు గురించి అంతకుముందు చెప్పిన మాట) గురించి పాఠం చెప్పాలంటే ఈ దేశంలో నేటికీ ఆ తీర్పు దగ్గరే మొదలుపెట్టాలి. 1939 జనవరి 19న లండన్‌లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు, ఇచ్చింది. రాసింది జడ్జి లార్డ్ అట్కిన్. కేసు లండన్ దాకా వెళ్లింది గానీ అది మొదలైంది ఈ డెల్టా అంచున, మన పిఠాపురంలో.

పిఠాపురం దివాను దగ్గర పనిచేసే ఒక బంట్రోతు. వయసు నలభై దాకా. దివాను గారి అల్లుడు పాకాల నారాయణస్వామీ, కూతురూ బరంపురంలో కాపురం. వాళ్లకు డబ్బు అవసరపడింది. 1936లో దివాను కూతురు ఈ బంట్రోతు దగ్గర 3,000 రూపాయలు అప్పు తీసుకుంది, ఏడాదికి 18 శాతం వడ్డీకి. మన లెక్కలో నూటికి రూపాయిన్నర. 1937 మార్చి 20, శనివారం నాడు అతనికి బరంపురం రమ్మని ఒక ఉత్తరం వచ్చింది. కింద సంతకం లేదు. అతను ఆ ఉత్తరం పెళ్లానికి చూపించి, ‘బాకీ డబ్బులు ఇస్తాను, వచ్చి తీసుకెళ్లమని ఆవిడ రాసింది, బరంపురం వెళుతున్నాను’ అని చెప్పాడు. ఆదివారం రైలెక్కాడు. మంగళవారం మధ్యాహ్నానికి పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో, ఎవరూ దింపుకోని ఒక ఇనప ట్రంకు దొరికింది. అందులో అతను ఏడు ముక్కలై ఉన్నాడు. కొన్నాళ్లకు భార్య వచ్చి గుర్తుపట్టింది.

ఇది కూడా మా హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన నోట అదే మాట వచ్చింది: ‘సంతకం లేని ఉత్తరం పట్టుకుని ఎలా వెళ్లిపోయాడండీ?’

మరి ఈ సంగతి వినండి. అతను చనిపోయాక పిఠాపురంలో అతని ఇంట్లో వెతికితే ఆ అప్పు తాలూకు ఉత్తరాలూ చీటీలూ యాభై దాకా దొరికాయి. అన్నిటి మీదా ఆవిడ సంతకాలున్నాయి. అంటే ఆ బంట్రోతు అమాయకుడు కాదు. ఒక్క కాగితం ముక్క పారెయ్యలేదు. వడ్డీ ఎంతో తేల్చుకున్నాడు. ఊరెళ్లే ముందు ఎక్కడికి వెళుతున్నాడో, ఎవరి దగ్గరికి, ఏ పని మీదో ఇంట్లో చెప్పి మరీ వెళ్లాడు. ఈ రోజున మనం పిల్లలకు చెప్పే జాగ్రత్తలన్నీ అతను తీసుకున్నాడు, తీసుకునీ చచ్చిపోయాడు. ఎందుకంటే అతని చావు అతని జాగ్రత్త మీద ఆధారపడి లేదు, అవతలి మనిషి తీసుకున్న నిర్ణయం మీద ఉంది. అవతలివాళ్లు ఆ నిర్ణయం చేసుకున్నాక యాభై కాగితాలు కాదు, ఐదొందలు దాచినా ఒకటే. పైపెచ్చు అంత గట్టి రుజువు ఉండటమే అతని ప్రాణం మీదికి తెచ్చిందేమో అని కూడా నాకనిపిస్తుంది. ఎగ్గొట్టడానికి వీల్లేని అప్పు అది.

ఈ కేసులో నన్ను నిద్రపోనివ్వని విషయం ఇంకొకటుంది. హంతకుణ్ని పట్టించింది ఏమిటి? బరంపురంలో ట్రంకు కొన్న సంగతి చెప్పిన సాక్ష్యం ఉంది, ట్రంకును స్టేషనుకు చేర్చిన జట్కావాడి సాక్ష్యం ఉంది. అయితే వాటన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చింది మాత్రం గడప దాటేముందు మొగుడు పెళ్లానికి చెప్పిన ఆ ఒక్క మాటే. ముద్దాయి నారాయణస్వామి తరఫు లాయర్లు ఆ మాట సాక్ష్యానికి పనికిరాదని వాదించారు. చచ్చిపోతానని తెలియనివాడు, ఇంకా ఊరు కూడా దాటనివాడు చెప్పిన మాట మరణ వాంగ్మూలం ఎలా అవుతుందన్నారు. ఇంగ్లండులో అయితే ఆ వాదన నిలిచేదే, అక్కడ చావు తప్పదని తెలిసి చెప్పిన మాటకే విలువ. మన 1872 సాక్ష్య చట్టం అలా అనలేదు. చావుకు దారితీసిన పరిస్థితుల గురించి మనిషి ముందే చెప్పినా, చావు భయం ఉన్నా లేకున్నా, ఆ మాట చెల్లుతుందంది. ప్రివీ కౌన్సిల్ దాన్నే నిలబెట్టింది. ముద్దాయి పోలీసులకు చెప్పిన మాటను పక్కన పెట్టేసి మరీ, మిగిలిన సాక్ష్యంతోనే ఉరిశిక్షను ఖాయం చేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో కూడా 26వ సెక్షన్‌గా అదే సూత్రం కొనసాగుతోంది.

అంటే చూడండి. నమ్మకం అతణ్ని బరంపురం పంపింది నిజమే. కానీ పెళ్లాం మీద ఉన్న నమ్మకమే అతని తరఫున కోర్టులో నిలబడింది. ఇంట్లో ఏదీ చెప్పకుండా తిరిగే మనిషై ఉంటే, ఎవర్నీ నమ్మొద్దని మనం ఇచ్చే సలహా పాటించే మనిషై ఉంటే, ఆ శవం ఎవరిదో కూడా తేలేది కాదేమో.

పాఠకుల తీర్పులో ఇంకో అన్యాయం ఉంది. చంపింది భార్య అయితే ఒకలా, భర్త అయితే మరోలా చదువుతారు. భార్య చంపిందా, ‘ఈ రోజుల్లో ఆడాళ్లు’ అంటూ మొత్తం జాతి మీదికి వెళతారు. భర్త చంపాడా, ‘ఆవిడేం చేసిందో’ అని మళ్లీ చనిపోయినావిడ మీదికే. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్య కేసులు 28,522. అందులో తగాదాల వల్ల జరిగినవే 9,962. డబ్బు, స్థలం, గట్టు, ఆస్తి, ఇంటి గొడవలు. అదే ఏడాది వరకట్న చావుల కేసులు విడిగా 6,400 పైచిలుకు. ఆ చావుల మీద ఎవరూ లావు పుస్తకాలు రాయరు, రాసినా చేతులు మారవు. అందులో మలుపులు లేవు మరి. తండ్రి ఇల్లమ్మి కట్నం ఇచ్చి పంపిన పిల్ల చచ్చిపోతే అది నమ్మకద్రోహం ఎందుకు కాదో నాకెవరూ చెప్పలేకపోయారు.

వాదనకు అవతలి వైపూ ఉంది, కాదనను. మా బంధువులావిడ ఇలాంటి పుస్తకాలు వదలకుండా చదువుతుంది. ‘ఇద్దరాడపిల్లలున్నారు బాబూ, ఎవడు ఎలాంటివాడో ఎలా పోల్చుకోవాలో తెలియాలి కదా’ అంటుంది. ఆ భయం నిజమైనది. చదివి ఒక్క పిల్ల జాగ్రత్తపడినా చాలు. నా అభ్యంతరం జాగ్రత్త మీద కాదు. జాగ్రత్తపడటం బతికున్నవాళ్ల పని, దాన్ని చచ్చిపోయినవాళ్ల మీద నేరంగా రాయొద్దంటున్నాను.

అసలు నమ్మకుండా ఈ డెల్టాలో ఒక్క రోజు గడుస్తుందా? చేబదులు నమ్మకం. చీటీ పాట నమ్మకం. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లిన కోనసీమ ఆడపడుచు నెలనెలా పంపే డబ్బు, ఇక్కడ ఎవరి ఖాతాలో పడుతుందో వాళ్ల మీద పెట్టుకున్న నమ్మకం. ప్రామిసరీ నోటు రాయించుకున్నా సరే, మూడేళ్లు దాటితే దానికి కాలదోషం పడుతుంది. గడువు లోపల నోటు తిరగరాయించుకోవాలి, లేదా ఎంతో కొంత కట్టించుకుని వెనక చెల్లు వేయించుకోవాలి. ఆ అడగడం కూడా అవతలివాడు బలవంతుడైతే నోట మాట రాదు. దివాను కూతుర్ని బంట్రోతు ఎంత గట్టిగా అడగగలడు? కాగితం అడగాలంటే అడిగే స్తోమతు ఉండాలి. ఆ స్తోమతు లేనివాడికే మనం ‘కాగితం ఎందుకు రాయించుకోలేదు’ అని నీతులు చెబుతాం.

కౌలు రైతు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇదే ప్రశ్న మన ఆఫీసులు అతణ్ని ఏటా అడుగుతున్నాయి. గోదావరి కాలవల కింద చేలో దిగి నాట్లు వేయించేది, నీళ్లు పెట్టుకునేది చాలా చోట్ల కౌలుదారే. భూమి గలాయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. కౌలు నోటి మాట. ఎకరానికి ఇన్ని బస్తాలు శిస్తు అని అరుగు మీద కూర్చుని అనుకుంటారు, అంతే. సార్వా చేను కోతకొచ్చే వేళకు తుపాను పట్టి పడుకుంటుంది, కంకులు నీళ్లలో మొలకలెత్తుతాయి. నష్టపరిహారం రాసేవాళ్లు కాగితం అడుగుతారు. 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెడితే కౌలుదారుకు సాగుదారుగా గుర్తించే కార్డు ఇస్తారు. ఆ సంతకమే దొరకదు. పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, గట్టిగా అడిగితే వచ్చే ఏడాది చేను వేరేవాడికి ఇచ్చేస్తాడని కౌలుదారు భయం. చివరికి పరిహారం భూమి గలాయన ఖాతాలో పడుతుంది. మా మండలంలో ఒకాయన అలా రెండు పంటలు పోగొట్టుకుని ఆఫీసుకెళితే, లోపలున్న ఉద్యోగి అడిగిన ప్రశ్న నేను చెవులారా విన్నాను: ‘కాగితం లేకుండా ఎలా నమ్మేవయ్యా?’

పుస్తకం మూసి హెడ్మాస్టరు గారు అడిగిందీ అదే. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. నష్టపోయినవాడి తెలివితక్కువతనం తేలిపోతే ఇక ఎవరికీ ఏ పూచీ ఉండదు, పాఠకుడు నిశ్చింతగా పడుకోవచ్చు, ఆఫీసు ఫైలు మూసేయొచ్చు. ఆ నిశ్చింత కోసమే ఆ ప్రశ్న పుడుతోందని నా నమ్మకం. నమ్మించి మోసం చేసినవాణ్ని ‘ఎలా చేయగలిగావు’ అని ఊరంతా నిలదీసే అలవాటు మనకుంటే, కౌలు కాగితం మీద సంతకం పెట్టని యజమానిని కూడా నలుగురూ అరుగు మీదే అడిగేవాళ్లు. ఒక్కరు అడగగా నేను వినలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు మా వీధి చివర మిషను కుట్టే అమ్మాయి దగ్గరుంది. మొన్న జాకెట్ల కోసం వెళితే నాలుగు వంతుల్లో మూడొంతులు చదివానంది. బిల్లు రాస్తూ తలెత్తి అడిగింది.

‘చచ్చిపోయినాయన భార్య తర్వాత ఎలా బతికిందో చివర్లో ఉందాండీ?’

లేదన్నాను. ప్రివీ కౌన్సిల్ తీర్పులోనూ లేదు.