దయచేసి ముట్టుకోరాదు

మా మేనత్త భుజం చూపించుకోవడానికి చేనేత ఊరు పుట్టపాక నుంచి హైదరాబాద్ వచ్చింది. నలభై ఏళ్లు ఆసు పోసిన భుజం అది. ఆసు పోయడమంటే నూలును మేకుల చుట్టూ తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు ఆడాలని లెక్క. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారు గానీ, అది అత్తమ్మ ఇంటికి చేరేసరికి భుజం అరిగిపోయింది. ఇప్పుడు ఆసు మిషన్ పోస్తోంది. అత్తమ్మ దాని ఎదురుగా కూర్చుని తప్పులు వెతుకుతోంది.

"నెల రోజులు ఆ చేత్తో ఏ పనీ పెట్టుకోవద్దు" అన్నాడు డాక్టర్.

అదే సాయంత్రం మా ఆవిడ స్నేహితురాలి ఎగ్జిబిషన్. మట్టి బొమ్మలు, చేనేత కలిపి. పెద్దామెను ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్లాం. కారులో మా ఆవిడ నాకు మాత్రం గట్టిగా చెప్పింది: "ప్రశ్నలేవీ వేయకండి. ఒక్కో దాని ముందు అర నిమిషం నిలబడి తల ఊపండి. ధర చూసి నోరు తెరవకండి." అత్తమ్మకు ఏమీ చెప్పలేదు. అక్కడే దెబ్బతిన్నాం.

లోపల అడుగుపెట్టగానే అత్తమ్మ మొదటి కుండను వేలి కణుపుతో టకటకా కొట్టింది. జాడీ కొనేటప్పుడు కొట్టి చూడకపోతే, అది పగిలిందన్న సంగతి ఆవకాయ ఊట కారాకే తెలుస్తుంది మరి.

"పలుకుడు లేదు బిడ్డా. పగుళ్లే అన్ని."

అక్కడున్న అబ్బాయి పరుగున వచ్చాడు. ఇది జపాన్ వాళ్ల రాకు నుంచి పుట్టిన పద్ధతి అనీ, కుండ ఎర్రగా ఉండగానే బట్టీలోంచి తీసి రంపపు పొట్టులో పెడతారనీ, పైపూత పగుళ్లలోకి పొగ దిగి ఈ నల్ల గీతలు వస్తాయనీ ఓపికగా చెప్పాడు. అత్తమ్మ అంతా విని, "మా కుమ్మరాయన గిట్ల పగిలినయి గోడ పక్కన పారేస్తడు" అంది. నేను తల ఊపాను. పక్కదానికి అడుగే లేదు. ధర 18,500. నోరు తెరవలేదు, చీటీలో అంకె ఎక్కువ పడిందేమోనని రెండుసార్లు చదివానంతే.

బట్టల గదిలో 'దయచేసి ముట్టుకోరాదు' అని తెలుగులోనే రాసి ఉంది. అత్తమ్మ కూడబలుక్కుని చదివి, "ముట్టుకోవద్దంటే బట్ట ఎట్ల కొంటరు?" అంది. సరే, ముట్టుకోలేదు. ముక్కు పెట్టింది. 'తేలియా స్ఫూర్తితో' అన్న ఎర్ర రుమాలును వాసన చూసి పెదవి విరిచింది. అసలు తేలియాకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి ఎండేస్తారు. చేతికి తీసుకుంటే నూనె వాసన కొడుతుంది, ఆ పేరు అందుకే వచ్చింది. "దీనికి సెంటు వాసనొస్తంది" అని తీర్పు చెప్పింది. ఆ సెంటు పక్కన నిలబడ్డ ఒక మేడమ్‌ది.

ఇంతలో పెద్ద హాల్లో ఉపన్యాసాలు మొదలయ్యాయి. మా ఆవిడ ముందు వరుసలోకి వెళ్లిపోయింది. అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, సమోసాలు ఎటు వెళ్తున్నాయో కనుక్కుందామని నేను బయటికి వెళ్లాను. కనుక్కున్నాను కూడా. రెండు తిని, టీ తాగి, మరొకటి కాగితంలో చుట్టి అత్తమ్మకు తెచ్చేసరికి నలభై నిమిషాలు.

బట్టల గది మధ్యలో అసలు కళాఖండం ఉంది. పైన ఒక కర్ర, కింద ఒక కర్ర, మధ్యలో తెల్లటి పడుగు, అంటే నిలువు పోగులు. ఆ పడుగును నడిమికి కత్తిరించి వదిలేశారు. చేనేత బతుకు తెగిపోవడాన్ని అది చెబుతుందట. ధర లక్షా ఇరవై వేలు.

అత్తమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. పీట కాదు, ఏదో బొమ్మ పెట్టిన దిమ్మె. బొమ్మ పక్కన నేల మీద భద్రంగా ఉంది. పై పోగు, కింద పోగు కలిపి వేళ్ల మధ్య ఒక్క నలుపు నలిపి వదులుతోంది. సెకనుకో పోగు. పక్కనే సెక్యూరిటీ గార్డు ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా!"

"పడుగు తెగింది బిడ్డా. అతుకుతున్న. ఇంక పదో పన్నెండో ఉన్నయి."

"ఏమయ్యా, నువ్వైనా ఆపాలి కదా?" అన్నాను గార్డుతో.

"మాది పుట్టపాక పక్కనే, సంస్థాన్ నారాయణపురం సార్" అన్నాడు, అదే జవాబైనట్టు. "మా అమ్మ గూడ గిట్లనే అతికేది. వేళ్లు జారుతున్నయంటే బూడిద కావాల్నని..." జేబులోని విభూతి పొట్లం చూపించాడు.

"డాక్టరు వద్దన్నాడు కదా!"

"భుజం అన్నడు. వేళ్లు అన్లే."

చప్పట్లు వినిపించాయి. ఉపన్యాసాలు అయిపోయాయి. మా ఆవిడ, స్నేహితురాలు, వాళ్ల వెనక నలభై మంది గదిలోకి వచ్చారు. స్నేహితురాలు చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ కూడా మాట్లాడలేదు గానీ, ఆమె చూపు నా చేతిలోని సమోసా మీద ఆగింది.

చివరికి స్నేహితురాలు మళ్లీ విడదీద్దామని దగ్గరికి వచ్చి వెతికింది. అతుకు కనపడితే కదా! ముడి వేస్తే మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చులో ఇరుక్కుంటుంది కాబట్టి అతికే పని తెలిసినవాళ్లు ముడి వేయరు. ఆమె కళ్లద్దాలు మార్చి చూసింది, ఫోన్‌లో పెద్దది చేసి చూసింది. చేనేత బతుకు ఎక్కడా తెగినట్టు లేదు.

"ఎక్కడ అతికావో చూపించమ్మా, కత్తిరించుకుంటాను" అంది ప్రాధేయపడుతూ.

"అతికిన పడుగు కోస్తరా ఎవలన్న?" అని అత్తమ్మ కత్తెర తీసుకుని కొంగులో దాచేసింది.

పరువు దక్కించుకోవడానికి ఏదో ఒకటి కొనక తప్పదని మా ఆవిడ కళ్లతోనే చెప్పింది. ఉన్నవాటిలో చవకైనది ఆ అడుగు లేని కుండే. ప్రస్తుతం టీవీ పక్కన ఉంది.

అత్తమ్మ పుట్టపాక నుంచి వారానికోసారి ఫోన్ చేస్తుంది. భుజం ఎలా ఉందని అడిగితే చెప్పదు.

"కుండకు అడుగు ఏపిచ్చిండ్రా బిడ్డా?"