జస్ట్ ఇన్ టైమ్ గారికి, ఏడు గంటలు ఆలస్యంగా

మహారాజశ్రీ జస్ట్ ఇన్ టైమ్ గారి సముఖానికి,

టోకెన్ నంబరు 47 నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిజానికి ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా కారు కుడివైపు ముందు అద్దం కిందికి దిగి, ఇక ఎక్కనని భీష్మించుకుని పదిహేను రోజులైంది. తలుపుకు పాలిథిన్ కవరు, దాని చుట్టూ గోధుమరంగు టేపు. వానలో వెళుతుంటే ఆ కవరు చెవి పక్కన టపటపా కొట్టుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ఆటో డ్రైవరు నావైపు జాలిగా చూస్తాడు. ఆటోకు తలుపే లేదు, అయినా జాలి ఆయనదే.

నిన్న ఉదయం తొమ్మిదిన్నరకు కార్ల సర్వీసు సెంటరు వాళ్లు రమ్మన్నారు. తొమ్మిదీ ఇరవైకే వెళ్లాను. సాయంత్రం నాలుగున్నరకు సలహాదారు అనే బిళ్ల తగిలించుకున్న కుర్రవాడు వచ్చి, అద్దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు లేదని, డిపో నుంచి రావాలని, ఎప్పుడొస్తుందో చెప్పలేమని చెప్పాడు.

"విరిగింది క్లిప్పేనని పన్నెండు రోజుల క్రితం ఫోనులోనే చెప్పాను కదా బాబూ?" అన్నాను.

అప్పుడు అతను మీ పేరెత్తాడు. "మేము స్టాకు పెట్టుకోం సార్. జస్ట్ ఇన్ టైమ్ పద్ధతి. జపాన్ వాళ్లది." పెళ్లిలో పురోహితుడు గోత్రం చెప్పినంత ధీమాగా చెప్పాడు.

నా కారు మీరు పుట్టిన టొయోటా ఇంటిది కాదు. ఆ సర్వీసు సెంటరూ వాళ్లది కాదు. అయినా సంజాయిషీ మీ పేరు మీద వచ్చింది కాబట్టి ఉత్తరం మీకే రాయాలి. రాత్రి నిద్రపట్టక మీ వంశచరిత్ర కూడా తిరగేశాను. తెలియక తిట్టాడని రేపు ఎవరూ అనకూడదు.

మీ మూలపురుషుడు సకిచి టొయోడా, 1867లో పుట్టిన వడ్రంగి కొడుకు. పోగు తెగినా మగ్గం నేస్తూనే పోవడం, పాడైన బట్ట బారలకు బారలు పోగుపడడం ఆయనకు గిట్టలేదు. పోగు తెగితే తనంతట తానే ఆగే మగ్గం చేశాడు. 1924లో వచ్చిన ఆయన జి రకం మగ్గం పడుగు పోగు తెగితే ఆగుతుంది, అడ్డపోగు మోసే నాడె మార్చడానికి మాత్రం ఆగదు. ఆ పేటెంటు కోసం 1929లో ఇంగ్లండు నుంచి ప్లాట్ బ్రదర్స్ వాళ్లు లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకున్నారు. ఆగాల్సిన చోట ఆగాలి, ఆగనక్కర్లేని చోట ఆగకూడదు. ఇంతే కదా విద్య! నిన్న నేను వెళ్లిన చోట ఈ రెండూ తారుమారయ్యాయి. ఆగింది నేను, నడిచింది బిల్లు. అద్దం బాగుపడలేదు గానీ తనిఖీ రుసుము పడింది.

సకిచి కొడుకు కీచిరో మగ్గాల కంపెనీలోనే 1933లో కార్ల విభాగం పెట్టాడు. 1937కు అది వేరే కంపెనీ అయింది. అంతకు ముందు ఏడాది పేరులోని 'డ'ను 'ట' చేసుకున్నారు, జపాన్ లిపిలో రాస్తే ఎనిమిది గీతలు వస్తాయని, ఎనిమిది శుభమని. మనవాళ్లు సంఖ్యాశాస్త్రం చూసి పేర్లలో అక్షరాలు ఇరికిస్తే నవ్వేవాణ్ని. ఇక నవ్వను.

1938లో కొరోమో కర్మాగారం తెరిచినప్పుడే కీచిరో నోట మీ పేరు వచ్చింది. కానీ మీరు నడక నేర్చింది లేమిలో. యుద్ధంలో ఓడిన దేశం, అమ్ముడుపోని కార్లు, బ్యాంకుల ముందు చేతులు కట్టుకోవడం. 1950లో సమ్మె జరిగి, 1,600 మందికి పైగా ఉద్యోగాలు వదిలి, కీచిరో కూడా కుర్చీ దిగిపోయాడు. ఆ వెంటనే కొరియా యుద్ధం వచ్చి, అమెరికా సైన్యం ట్రక్కులకు ఆర్డర్లు ఇచ్చింది కాబట్టి కంపెనీ బతికి బట్టకట్టింది. అప్పటికి పదమూడేళ్లలో వాళ్లు చేసిన ప్రయాణికుల కార్లు 2,685. సరుకు కొని గోదాములో పడేయడానికి డబ్బు లేనివాడు అవసరమైనప్పుడు, అవసరమైనంతే తెచ్చుకుంటాడు. అది పొదుపు, దానికి దణ్ణం పెడతాను.

ఆ పొదుపును శాస్త్రం చేసినవాడు టొయోటా ఇంజినీరు తైచి ఓనో. ఆయనకు అమెరికా సూపర్ మార్కెట్ల పద్ధతి నచ్చింది. కొనేవాడు అరలోంచి తీసుకుంటాడు, ఖాళీ అయిన చోటే మళ్లీ నింపుతారు. అదే పని కర్మాగారంలో చేయించడానికి చీటీలు పెట్టాడు. వాటికి కాన్‌బాన్ అని పేరు.

ఇక్కడే నాకు మండుతోంది. ఎందుకంటే కాన్‌బాన్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. సబ్బులు, అగ్గిపెట్టెలు, టీపొడి పొట్లాలు. ఏ సరుకైనా చివరి రెండు పొట్లాలు మిగిలాయంటే, ఖాళీ సిగరెట్టు పెట్టె అట్ట చింపి, దాని మీద సరుకు పేరు రాసి, గల్లాపెట్టె పక్కనున్న మేకుకు గుచ్చేవారు. చీకటి పడేముందు ఆ అట్టముక్కలన్నీ చొక్కా జేబులో వేసుకుని, రెండు వీధుల అవతలి హోల్‌సేల్ కొట్టుకు సైకిలు మీద వెళ్లేవారు. కొట్టు వెనక గోదాము లేదు. గోదాముకు చోటే లేదు. అయినా టీపొడి లేదని ఎవరూ వెనక్కి వెళ్లడం నేను చూడలేదు.

గమనించారా? చీటీ రాసేది సరుకు అయిపోయాక కాదు, ఇంకా రెండు ఉండగానే. ఓనో చీటీల్లోనూ కిటుకు ఇదే. ఎన్ని వాడతారో లెక్క ఉంటుంది, తెచ్చేలోగా ఎన్ని ఖర్చవుతాయో లెక్క ఉంటుంది. రోజుకొక రకంగా కాకుండా ఉత్పత్తిని సమంగా పరిచి పెట్టుకుంటారు కాబట్టే ఆ లెక్క తప్పదు. విడిభాగాలు చేసేవాళ్లు చాలామంది టొయోటా ఉన్న ఐచి ప్రాంతంలోనే, పిలిస్తే పలికే దూరంలో ఉంటారు. కొరోమో ఊరు 1959లో తన పేరే టొయోటా అని మార్చుకుందంటే చూడండి. నా క్లిప్పు ఏ రాష్ట్రంలో ఉందో ఆ కుర్రవాడికీ తెలియదు. మన వాళ్లు మీ దగ్గర నేర్చుకున్నది ఒక్కటే, అర ఖాళీగా ఉంచడం. చీటీ రాయడం నేర్చుకోలేదు. సైకిలు తొక్కడం అసలే నేర్చుకోలేదు.

ఓనోకు మరో అలవాటు ఉండేది. కర్మాగారం నేల మీద సుద్దముక్కతో వృత్తం గీసి, అధికారిని అందులో నిలబెట్టి, గంటల తరబడి చూడమనేవాడు. నన్ను నిలబెట్టలేదు, నీలం కుర్చీలో కూర్చోబెట్టారు. ఏడు గంటలు చూశాను. విడిభాగాల కిటికీకి ఎదురుగానే కూర్చున్నాను కాబట్టి బాగా కనిపించింది. ఆ కిటికీ పక్క అద్దాల బీరువాలో సువాసన సీసాలు మూడు వరసలు, మెడ దిండ్లు, డ్యాష్‌బోర్డు మీద అతికించే వినాయకుళ్లు నాలుగు సైజుల్లో, చక్రాలకు మెరుగు పెట్టే ద్రవం డబ్బాలు. అక్కడ మీ పద్ధతి ఏమైందో మరి! అంటగట్టాల్సిన సరుకుకు నిల్వ ఉంది, విరిగిన సరుకుకు లేదు. మధ్యాహ్నం రెండింటికి ఒక పిల్లవాడు వానలో తడుస్తూ, చొక్కా లోపల అట్టపెట్టె దాచుకుని పరుగున వచ్చాడు. నా క్లిప్పేనని లేచి నిలబడ్డాను. పెట్టె విప్పారు. మరో రెండు డజన్ల వినాయకుళ్లు.

ఆ గోడకు కైజెన్ బోర్డు కూడా ఉంది. నిరంతర అభివృద్ధి అట. దాని మీద ఉన్న ఫొటో రెండేళ్ల నాటిది.

వృథాకు మీ భాషలో ముదా అని పేరట. ఆ మాట వినగానే చుట్టరికం కలిసింది, మాకు ముదనష్టం అనే మాట ఎప్పటి నుంచో ఉంది. ఓనో ముదాలను ఏడుగా లెక్కపెట్టాడు. అక్కర్లేనంత ఉత్పత్తి, ఎదురుచూపు, అనవసర రవాణా, అనవసరపు పని, నిల్వ, అటూ ఇటూ తిరగడం, లోపాలు. ఎదురుచూపు రెండోది, నిల్వ అయిదోది. నిల్వ పోగొట్టామని మా వాళ్లు చంకలు గుద్దుకుంటున్నారు. ఎక్కడికి పోయిందయ్యా? కుర్చీలోకి వచ్చింది! గోదాములో అర మీద ఉండాల్సిన ఏభై రూపాయల క్లిప్పు బదులు, ఏభై ఏళ్ల మనిషి సెలవు పెట్టుకుని ఏడు గంటలు అర మీద కూర్చున్నాడు. నా చుట్టూ ఇంకో పదకొండు మంది ఉన్నారు. ఒకావిడ పిల్లను బడి నుంచి ఎవరు తెస్తారని మూడుసార్లు ఫోను చేసింది. మేమందరం నిల్వే. మాకు గోదాము అద్దె లేదు, బీమా లేదు, లెక్కల పుస్తకంలో పద్దు లేదు. మనిషిని కుర్చీలో పేర్చిపెట్టి, నిల్వ సున్నా అని రాసుకోవడానికి నీకు సిగ్గు లేదా?

క్షమించాలి. ఏకవచనం దొర్లింది.

తమరి ఇంట్లో మాత్రం ఇలా లేదని నాకు తెలుసు. 1997 ఫిబ్రవరి 1న కరియాలో, టొయోటాకు విడిభాగాలు చేసే ఐసిన్ సేకి కర్మాగారం తగలబడింది. బ్రేకుల్లో పెట్టే అరచేయంత కవాటం దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చేది. చేతిలో ఉన్న సరుకు గంటల లెక్కన ఉంది. కొద్ది రోజుల్లోనే జపాన్‌లోని టొయోటా లైన్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అప్పుడు ఎవరూ "జస్ట్ ఇన్ టైమ్ పద్ధతి సార్" అని బిళ్ల సవరించుకోలేదు. నక్షాలు పంచుకున్నారు. ఎవరికెంత ఇస్తారన్న బేరం తేలకముందే పని మొదలుపెట్టారు. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ వాళ్లు కూడా కవాటాలు చేసి ఇచ్చారు. వారం తిరిగేసరికి లైన్లు కదిలాయి. నా క్లిప్పుకు పన్నెండు రోజులు చాలలేదు, నిప్పు కూడా అంటుకోలేదు.

ఇంకొక మాట. 2011 భూకంపంలో దెబ్బతిన్నాక మీ ఇంటివాళ్లు ఏం చేశారు? కారు చిప్పులను రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా నిల్వ ఉంచమని సరఫరాదారులకు చెప్పారు. నిల్వ! 2021లో చిప్పుల కరువు మొదలైనప్పుడు మీ పేరు జపించినవాళ్లు ముందు చతికిలపడ్డారు, మిమ్మల్ని కన్నవాళ్లు ఇంకొన్ని నెలలు నిలబడ్డారు. ఆ సెప్టెంబరుకు వాళ్లూ 40 శాతం కోత పెట్టుకున్నారనుకోండి. 2023 ఆగస్టు చివర్లో జపాన్‌లోని 14 కర్మాగారాలూ ఒక రోజు ఆగిపోయాయి, విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వరులో సమాచారానికి చోటు చాలక. నిల్వకు చోటు దండగ అన్న ఇంటికి నిల్వకు చోటు లేకపోవడమే దెబ్బ అయింది. నిన్నటి నుంచి నాకు దొరికిన నవ్వు ఇదొక్కటే, దాన్ని ఇంకా వాడుకుంటున్నాను.

నవ్వురానిది కూడా ఒకటుంది. టొయోటా లైనులో ఆండాన్ తాడు ఉంటుంది. తప్పు కనబడితే లైను మీద పనిచేసే మామూలు మనిషి దాన్ని లాగవచ్చు. పైవాడు పరుగెత్తుకొస్తాడు. సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. సకిచి మగ్గానికి పోగు తెగిందని తెలిసినట్టే. అంత తాడు ఉన్న ఇంట్లోనే, మొత్తంగా టొయోటా చేతిలో ఉన్న దైహట్సు కార్ల కంపెనీలో, భద్రతా పరీక్షల్లో మోసాలు జరిగాయని 2023 డిసెంబరులో విచారణ సంఘం తేల్చింది. 64 మోడళ్లు. అన్నిటికన్నా పాత మోసం 1989 నాటిది. కారణం? కొత్త కారు గడువుకు తయారవ్వాలి, గడువు జరపడం కుదరదు. సమయానికి, సరిగ్గా సమయానికి! అక్కడి ఇంజినీర్లకు లాగడానికి తాడు లేదు. తాడు లేకుండా మిమ్మల్ని ఒక్కరినే పంపిస్తే పుట్టింట్లో కూడా ఇదే జరుగుతుంది, మా ఊరి సంగతి ఇక వేరే చెప్పాలా?

ఇంత తిట్టినా, ఈ ఉదయం మా నాన్నగారి గల్లాపెట్టె దించి చూశాను. పక్క చెక్కకు మేకు ఇంకా ఉంది, తుప్పు పట్టి. మీరు అలాంటి మేకుకు పుట్టినవారే. మీమీద కోపం నిలవడం లేదు.

తాజా కలం: ఇది ముగిస్తుండగా సర్వీసు సెంటరు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. నిన్నటి సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. ఓనోగారు ఏ లోపానికైనా ఐదుసార్లు ఎందుకు అని అడగమనేవారు కదా, నేనూ అడిగాను.

క్లిప్పు ఎందుకు లేదమ్మా? తెప్పించలేదు సార్. ఎందుకు తెప్పించలేదు? కారు వచ్చి జాబ్ కార్డు తెరిస్తేనే ఆర్డరు వెళుతుంది సార్. ఫోనులో చెప్పింది ఎందుకు పనికిరాలేదు? ఫోన్లు చూసేది వేరే విభాగం సార్, వాళ్ల కంప్యూటరు వేరు. ఆ సంగతి మీ పైవాళ్లకు ఎందుకు చెప్పరు?

కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి, "పదికి తక్కువ వేస్తే నా జీతంలో కోత పడుతుంది సార్" అంది.

ఐదోసారి అడగలేదు. పది వేశాను.

ఇట్లు,
తమ విధేయ నిల్వ సరుకు,
టోకెన్ నంబరు 47