పునీతుల బదిలీ కోరుతూ ఒక విన్నపం

తపస్కాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో, పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకునే మర్యాదస్తుల తరఫున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మా కోరిక చిన్నదే. మార్చి నెలలో తిష్ఠ వేసిన పునీతులను, అదే సెయింట్లను, దయచేసి వేరే నెలలకు బదిలీ చేయండి.

ఇదేదో కొత్తగా పుట్టిన గొంతెమ్మ కోరిక కాదు. దీనికి దారి వేసింది శ్రీసభే, అంటే కథోలిక సంఘమే. 1969లో ఆరవ పౌలు పోపుగారు పండుగల పట్టికను సవరించినప్పుడు మార్చి 7న ఉన్న తోమాస్ అక్వినాస్‌ను జనవరి 28కి, మార్చి 12న ఉన్న మహా గ్రెగోరీని సెప్టెంబరు 3కి, మార్చి 21న ఉన్న బెనెడిక్టును జూలై 11కి పంపించారు. తపస్కాలానికి పండుగలు అడ్డు రాకూడదన్నది కారణం. పునీతుల పండుగ మామూలుగా వాళ్లు కన్నుమూసిన రోజునే చేస్తారు. అక్వినాస్ 1274లో పోయింది మార్చి 7నే. అయినా కదిలించారు. ఒక మహా వేదాంతిని, ఒక పోపును, పాశ్చాత్య మఠవాసులందరికీ పెద్దదిక్కు అయిన మనిషినే కదిలించినవాళ్లకు ఒక పశువుల కాపరినీ ఒక గృహిణినీ ఇద్దరు పడుచు తల్లులనూ కదిలించడం ఎంతసేపు?

పైగా ఆ ముగ్గురి మీద మాకు ఏనాడూ ఫిర్యాదు లేదు. ముఖ్యంగా అక్వినాస్ మీద. ఆయన రాసిన గ్రంథాలు అంత లావున ఉండబట్టి ఎవరూ తెరవరు. అలమరలో ఉంటే చాలు, ఇంటికి గౌరవం. అలాంటి పెద్దమనిషిని పంపించేసి ఎవరిని ఉంచారో చూస్తే మా బాధ మీకే అర్థమవుతుంది.

ముందు మా ఉదయ ప్రార్థన ఎంత పద్ధతిగా సాగుతుందో చెప్పాలి. రెండవ వాటికన్ మహాసభ 1963లో గృహస్థులు కూడా శ్రీసభ నిత్య ప్రార్థనలు చెప్పుకోవడం మంచిదని ప్రోత్సహించింది. అప్పటిదాకా ఆ బరువు ఎక్కువగా గురువులూ, అంటే ఫాదర్లూ, మఠవాసులే మోసేవారు, మాకు జపమాలతో సరిపోయేది. సరే, పెద్దలు చెప్పాక తప్పుతుందా? అలారం మోగుతుంది. రెండోసారి మోగుతుంది. మూడోసారికి ఫోను చేతిలోకి తీసుకుంటాం, ప్రార్థన ఉన్నది అందులోనే కనుక. యాప్ తెరవబోతూ రాత్రి వచ్చిన మెసేజ్‌లు చూస్తాం. ఎవరికైనా ప్రార్థన అవసరం పడి ఉండవచ్చు కదా. 'ప్రభూ, నా పెదవులు తెరువుము' అన్న మొదటి వాక్యం సరిగ్గా ఆవలింతతో కలిసి వస్తుంది. పెదవులు బాగానే తెరుచుకుంటాయి. మొదటి మనవి అక్కడికక్కడే ఆలకించినట్టు లెక్క.

తర్వాత 95వ కీర్తన. నేడు ఆయన స్వరం వింటే గుండె బండ చేసుకోవద్దని హెచ్చరిస్తుంది. వింటూనే ఉన్నాం. యాప్‌లో చదివి వినిపించే గొంతు ఉంది, దాని వేగాన్ని ఒకటిన్నర రెట్లు పెంచుకునే వీలూ ఉంది. తపస్కాలంలో అల్లెలూయ అనకూడదు గనుక అక్కడ ఇంకో క్షణం మిగులుతుంది. శుక్రవారమైతే 51వ కీర్తన. కీర్తనలు తిరిగే నాలుగు వారాల చక్రంలో ఏ వారమైనా సరే, శుక్రవారం ఉదయం అదే వస్తుంది. దావీదు మహారాజు పరాయివాడి భార్యను చేరదీసి, ఆ భర్తను యుద్ధంలో చంపించి, ఆ తర్వాత ఏడ్చిన ఏడుపుగా దాన్ని చదువుకుంటాం. చదువుతుంటే దావీదు మీద ఎక్కడలేని జాలి పుట్టుకొస్తుంది. పాపం ఎంత పని చేశాడు, దేవుడు క్షమించుగాక అనుకుంటాం. వేరేవాళ్ల పాపాలకు ఇంత మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడేవాళ్లు మాకన్నా దొరకరు.

చివర్న జెకర్యా పాట. దేవదూత మాట నమ్మనందుకు, బిడ్డ పుట్టి పేరు పెట్టేదాకా నెలల తరబడి మూగబోయిన ముసలాయన, నోరు పెగిలాక దేవుణ్ణి స్తుతించిన మాటలవి. శ్రీసభ ప్రతి ఉదయం పాడేది వాటినే. మేము ఆ మూగబోయిన నెలలను వదిలేసి పాటను మాత్రం తీసుకున్నాం.

ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా ఆ తర్వాత 'ఈనాటి పునీతులు' అంటూ వచ్చే పేజీతోనే.

నిజానికి తపస్కాలంలో పునీతుల స్మరణలకు శ్రీసభే కళ్లెం వేసింది. మామూలు రోజుల్లో తప్పనిసరైన స్మరణ కూడా ఈ రోజుల్లో ఐచ్ఛికమే. పూజలో ఆ పునీతుని పేరిట ఒక్క ప్రార్థన చెప్పుకోవచ్చు, మిగతాదంతా తపస్కాలానిదే, గురువు వేసుకునేదీ ఊదారంగు వస్త్రమే. ఒక్క ప్రార్థనతో సరిపెట్టుకోమన్నాక వాళ్ల జీవితచరిత్రలతో మాకేం పని? ఊరుకోలేక చదివాం. చదివి ఇరుక్కున్నాం.

మార్చి 17 చూడండి. పాట్రిక్ అంటే ఆకుపచ్చ బట్టలూ ఊరేగింపులూ అనుకుని ధైర్యంగా తెరిచాం. తీరా చూస్తే పదహారేళ్ల వయసులో దొంగలు ఎత్తుకుపోయి బానిసను చేసిన కుర్రాడు. ఐర్లాండులో ఆరేళ్లు పశువుల వెంట తిరిగాడు. పగలు నూరు ప్రార్థనలు, రాత్రి దాదాపు అన్నే చేసేవాణ్ణనీ, మంచు కురుస్తున్నా వాన పడుతున్నా తెల్లవారకముందే లేచేవాణ్ణనీ తన గురించి తనే రాసుకున్నాడు. రాసుకుంటే రాసుకున్నాడు, దాన్ని దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ల చేత చదివించడం ఏం న్యాయం?

తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం తొందరగా వచ్చిన ఏడు ఫిబ్రవరి 23న పోలికార్పుగారు కూడా తగులుతారు. స్ముర్న పీఠాధిపతి. 86 ఏళ్లు క్రీస్తును సేవించానని చెప్పిన పెద్దాయన. తనను పట్టుకెళ్లడానికి భటులు వస్తే వాళ్లకు భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట గడువు అడిగి, నిలబడి రెండు గంటలు చేశారట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా టైం పాటించని మనిషి! మమ్మల్ని ఎవరూ పట్టుకెళ్లడానికి రాకపోయినా సరే, పది నిమిషాల ప్రార్థనను ఆరు నిమిషాల్లో ముగిస్తున్నాం. సమయపాలన ఎవరిదో మీరే తేల్చండి.

దేవుని యోహానుగారిది మార్చి 8. పుస్తకాలు అమ్ముకునే ఆయన ఒక ప్రసంగం విని, ఉన్నదంతా పంచేసి, పిచ్చాసుపత్రి పాలై, బయటికొచ్చాక గ్రనడాలో రోగులకు ఆసుపత్రి పెట్టారు. మేమూ ప్రసంగాలు వింటాం. ఇంటికి క్షేమంగా తిరిగొస్తాం.

అసలు గట్టి ఫిర్యాదు అమెరికాలో మార్చి 3న స్మరించే కాథరిన్ డ్రెక్సెల్ మీద. మా ఉదయ ప్రార్థనలో మనవుల భాగం ఒకటుంది. అక్కడ మా ఉదారత చూసి తీరాలి. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టేవాళ్లను పంపు ప్రభూ అంటాం. రోగులను పరామర్శించే మంచి మనసులను పుట్టించు అంటాం. ఒంటరి ముసలివాళ్లకు తోడు ఎవరినైనా పంపించు అంటాం. పంపమనడం వరకే మా వంతు, ఎవరిని పంపాలో ఆయన చూసుకుంటాడు. ఈ ఏర్పాటు మీదే మా ఆధ్యాత్మిక జీవితం ఏ టెన్షనూ లేకుండా నడుస్తోంది.

డ్రెక్సెల్‌గారు కూడా మొదట్లో మా బాపతే. ఫిలడెల్ఫియాలో పెద్ద బ్యాంకరు కూతురు. 1887లో రోముకు వెళ్లి 13వ లియో పోపుగారిని కలిసి, అమెరికా ఆదివాసుల మధ్య పనిచేయడానికి మిషనరీలను పంపించమని అడిగారు. ఎంత చక్కని మనవి! అచ్చం మాది లాగే ఉంది. దానికి పోపుగారు, నువ్వే మిషనరీవి కారాదా తల్లీ అన్నారు. అంతే, కొంప మునిగింది. ఆవిడ సన్యాసిని అయ్యారు. సన్యాసినుల కొత్త సభ ఒకటి స్థాపించారు. తండ్రి ఆస్తి మీద వచ్చిన సొమ్ము, దాదాపు 2 కోట్ల డాలర్లు, ఆదివాసుల కోసం, నల్లజాతివారి కోసం బడులకూ ఇతర సేవలకూ ఖర్చుపెట్టారు. న్యూ ఓర్లీన్సులో నల్లజాతి విద్యార్థులకు విశ్వవిద్యాలయం పెట్టించారు. 1955లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఒక్క మనవికి ఇంత జవాబా? సరిగ్గా మనవులు చెప్పుకునే పూటే ఇలాంటి కథ చదివిస్తే నోరు ఎలా పెగులుతుంది? ఆ రోజు నుంచి మేము జాగ్రత్తపడ్డాం. ఇప్పుడు లోకశాంతి కోసం మాత్రమే ప్రార్థిస్తున్నాం. ఆ పనికైతే మమ్మల్ని వెళ్లమనేవాళ్లు ఎవరూ లేరు.

మార్చి 9న రోమాపురి ఫ్రాన్సెస్. పెళ్లయి, పిల్లలను కని, పెద్ద కుటుంబాన్ని నడిపిన గృహిణి. ఆవిడ గురించి ఒక కథ చెబుతారు. మరియమాత ప్రార్థనలు చదువుకుంటుంటే భర్త పిలిచాడట. వెళ్లారు. తిరిగొచ్చి అదే చరణం మొదలుపెట్టగానే మళ్లీ పిలుపు. ఇలా మళ్లీ మళ్లీ జరిగింది. విసుక్కోకుండా లేచి వెళ్లి, ఆఖరున తిరిగొచ్చేసరికి పుస్తకంలో ఆ చరణం బంగారు అక్షరాలతో మెరుస్తోందట. పెళ్లయిన ఆడది ఒక్కోసారి దేవుణ్ణి పీఠం దగ్గర వదిలి ఇంటిపనిలో వెతుక్కోవాలి అనేవారట ఆవిడ.

ఈ కథ బయటికి పొక్కితే మా గతేం కాను? ప్రార్థనలో ఉన్నానని చెయ్యి ఊపి పంపేయడం మాకు తరతరాలుగా వస్తున్న హక్కు. తపస్కాలంలో దానికి మరింత బలం. పిల్లాడికి ఒక కాలి సాక్సు దొరకదు. పక్కగదిలోంచి ముసలితల్లి, 'నా బీపీ మాత్ర ఎక్కడ పెట్టావురా?' అని రెండోసారి అడుగుతుంది. మేము కళ్లు ఇంకాస్త గట్టిగా మూసుకుంటాం. రోజు మొత్తంలో మాకు ఎవరూ పని చెప్పలేని సమయం అదొక్కటే. దాన్ని కూడా ఫ్రాన్సెస్‌గారు లాగేసుకుంటే ఇక ప్రార్థన చేసి ఏం లాభం?

ఇంకో ప్రమాదం ఏమిటంటే, కొందరు భర్తలకు ఈ కథ మహా నచ్చుతోంది. పిలిచింది భర్త, లేచింది భార్య అన్న భాగం వరకు చదివి పుస్తకం మూసేసి ఆవిడ వైపు చూస్తున్నారు. బంగారు అక్షరాలు పిలిచినాయనకు కాకుండా లేచినావిడకు ఎందుకు కనిపించాయో ఆలోచించే తీరిక వాళ్లకు లేదు. మా ఫోన్లలో అయితే ఇప్పటిదాకా ఏ అక్షరమూ బంగారు రంగుకు మారలేదు. డార్క్ మోడ్ మాత్రం ఉంది.

అక్వినాస్‌ను పంపించి ఖాళీ చేసిన మార్చి 7ను ఎవరికిచ్చారో తెలుసా? పెర్పెతువా, ఫెలిసితాలకు. 203లో, కార్తేజిలో వేదసాక్షులైన, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన, ఇద్దరు తల్లులు. పెర్పెతువాకు 22 ఏళ్లు, చంకలో పాలు తాగే బిడ్డ. ఫెలిసితా బానిస, నెలలు నిండుతుండగా చెరసాలలోనే ప్రసవించింది. పెర్పెతువా ఆ జైలు రోజుల గురించి తన చేతులతో రాసిపెట్టింది. ముసలి తండ్రి వచ్చి చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి, బిడ్డ ముఖం చూడమ్మా, క్రీస్తును కాదని ఒక్క మాట అనేయ్ అని బతిమాలుతాడు. ఆమె అనదు. మావాళ్లు ఈ పేజీ దగ్గర ఏమీ మాట్లాడకుండా తర్వాతి తేదీకి వెళ్లిపోయారు. నేనూ వెళ్లిపోతున్నాను.

పునీతులంతా ఇంతే అని నేననను. మా పక్షాన నిలిచేవాళ్లూ ఉన్నారు. లిస్యూ చిన్న తెరేజమ్మ తాను ప్రార్థనలో నిద్రపోతుంటాననీ, పిల్లలు మెలకువగా ఉన్నా నిద్రపోతున్నా తల్లిదండ్రులకు ముద్దేననీ రాశారు. ఈ ఒక్క మాట మావాళ్లందరికీ కంఠతా వచ్చు. మోకరిల్లాక నిద్రలోకి జారడం వేరు, నిద్రలోంచి మోకాళ్ల దాకా రాకపోవడం వేరు అని ఒక గిట్టనివాడు అన్నాడు, పట్టించుకోలేదు. ఆవిలాపురి తెరేజమ్మ ఇంకా నయం. కొన్నేళ్లపాటు ప్రార్థన వేళ ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం గంట కోసం చెవులు రిక్కించేదాన్నని ఆవిడే ఒప్పుకున్నారు. తర్వాత ఆవిడ ఏం సాధించారో, ఎన్ని మఠాలు స్థాపించారో మేము చదవలేదు. మాకు కావలసినంత మేరకే చదివాం. కానీ వీళ్లిద్దరినీ ఎక్కడ పెట్టారు? ఒకరిని అక్టోబరు 1న, ఇంకొకరిని 15న. మాకు పనికొచ్చేవాళ్లేమో అక్టోబరులో, మాకు పని చెప్పేవాళ్లేమో మార్చిలో! అందుకే మా ప్రతిపాదన: ఈ రెండు నెలల వాళ్లనూ అటూ ఇటూ మార్చేయండి. ఎవరికీ నష్టం లేదు.

ఉపవాసం సంగతిలో మాత్రం శ్రీసభ మీద ఈగ వాలనివ్వం. కచ్చితమైన ఉపవాసం విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే, రెండే రోజులు. అదీ 18 నుంచి 59 ఏళ్లవాళ్లకే. ఒక పూట కడుపునిండా, మరో రెండు పూటలు కొద్దికొద్దిగా తినవచ్చు. మిగతా రోజుల్లో ఎవరికి తోచింది వాళ్లు మానుకుంటారు. ఈ నలభై రోజులూ సోషల్ మీడియాకు దూరం అని సోషల్ మీడియాలో ప్రకటించి, దానికెన్ని లైకులు వచ్చాయో చూసుకోవడానికి మాత్రం మధ్యమధ్యలో వస్తుంటారు. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 రోజులు, 6 ఆదివారాలు తీసేస్తే 40. బైబిల్లో ఇంకేది మరిచిపోయినా ఈ తీసివేత మాత్రం మరిచిపోం.

ఇక మిగిలింది మార్చి 19, యేసు పెంపుడు తండ్రి పునీత జోజప్పగారు. న్యాయంగా అయితే బదిలీ జాబితాలో మొదటి పేరు ఈయనదే కావాలి. నాలుగు సువార్తలూ జల్లెడ పట్టినా ఆయన పలికిన మాట ఒక్కటి దొరకదు. పూల బొమ్మ మీద అచ్చేసి పొద్దున్నే అందరికీ పంపడానికి ఒక్క కొటేషన్ లేదు. దేవదూత కలలో చెబుతాడు, ఈయన లేస్తారు, చెప్పింది చేస్తారు. ఐగుప్తుకు పొమ్మంటే తెల్లారేదాకా కూడా ఆగలేదు, రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకుని బయల్దేరారు. ఆ రోజు ఉదయ ప్రార్థన ఎప్పుడు చేసుకున్నారో మత్తయి ఎక్కడా రాయలేదు. పైగా కదలడం ఈయనకు కొత్త కాదు. 2008లో పవిత్ర వారం అడ్డొస్తే ముందుకు జరిగి మార్చి 15న, 2023లో ఆదివారం అడ్డొస్తే వెనక్కి జరిగి మార్చి 20న పండుగ చేయించుకున్నారు.

అయినా సరే, జోజప్పగారిని ఉన్నచోటే ఉంచాలన్నది మా ఏకగ్రీవ అభిప్రాయం. కారణం పూర్తిగా ఆధ్యాత్మికం. ఆయనది మహోత్సవం, అంటే పండుగల్లో అన్నిటికన్నా పెద్ద తరగతి. శ్రీసభ చట్టం 1251వ నిబంధన ప్రకారం మహోత్సవం శుక్రవారం పడితే ఆ రోజు మాంసం మానాల్సిన పని లేదు. 2021లో అలా పడింది. మళ్లీ 2027లో మార్చి 19 శుక్రవారమే. ఆ మహానుభావుణ్ణి ఆ రోజు ఎంత ఘనంగా స్మరించుకోవాలన్న దాని మీద మావాళ్లలో ఇప్పటికే చర్చ మొదలైంది. వంటవాళ్లను మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు.