శ్రుతి తగ్గించి పాడితే తప్పేంటి?

"నాన్నా, ఇది వినిపిస్తోందా?" అంది మా అమ్మాయి, ఫోన్ నా చెవి దగ్గర పెట్టి. నాకేమీ వినిపించలేదు. తను మాత్రం ఆ కీచుమనే చప్పుడు భరించలేక మొహం చిట్లించుకుంది. 16,000 హెర్ట్జ్ అట. వయసు మీద పడేకొద్దీ చెవికి ముందుగా దూరమయ్యేవి ఇలాంటి హై ఫ్రీక్వెన్సీ శబ్దాలేనని ఎప్పుడో చదివాను. అది నా చెవుల గురించి కూడా అని అప్పుడు తోచలేదు.

ఆ రాత్రి, కాలేజీ రోజుల్లో క్యాసెట్ అరిగేదాకా విన్న పాటొకటి హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకున్నాను. డ్రమ్స్ పక్కన సింబల్ మీద దెబ్బ పడ్డాక సన్నగా సాగే ఆ గలగల నిజంగా వింటున్నానా, అక్కడ ఉంటుందని తెలుసు కాబట్టి విన్నాననుకుంటున్నానా? ఎంతకీ తేలలేదు.

"మా రోజుల్లో పాటలంటే పాటలు" అనే మాట నేనూ అంటుంటాను. దీనికి పాటల నాణ్యత కంటే మన వయసే ఎక్కువ కారణమని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు 1989లో చేసిన అధ్యయనంలో, మనిషికి బాగా నచ్చే పాటలు సగటున అతనికి 23.5 ఏళ్లున్నప్పుడు వచ్చినవని తేలింది. 2018లో స్పాటిఫై డేటాతో జరిగిన మరో విశ్లేషణ ఆ వయసును ఇంకా ముందుకు జరిపింది: అబ్బాయిలకు 13 నుంచి 16, అమ్మాయిలకు 11 నుంచి 14. అంకెలు కలవలేదు గానీ విషయం ఒక్కటే. కాబట్టి ఏ తరం పాటలు గొప్పవనే గొడవను ఇక్కడే వదిలేద్దాం. నాకు ఆసక్తి కలిగించేది వేరే ఉంది. ఆ పాటలు పాడినవాళ్లూ ముసలివాళ్లవుతున్నారు. వాళ్లను మనం ఎలా వింటున్నాం?

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టేదాకా ఈ ప్రశ్నే లేదు. పాట గొంతులోనే ఉండేది, గొంతుతోపాటే ముదిరేది. పోల్చి చూడటానికి పాత గొంతు ఎక్కడా దాచిలేదు. రికార్డింగ్ వచ్చాక పాట ఒక వయసు దగ్గర ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల గాయకుడు స్టేజి ఎక్కితే, పాపం, ఆయనకు పోటీ పాతికేళ్ల ఆయనే. స్వరపేటిక బిగుసుకుంటుంది, స్వరతంత్రులు పలచబడతాయి, ఊపిరి చాలదు. అందుకే శ్రుతి తగ్గించుకుంటారు. జనమేమో "అయ్యో, ఆ గొంతు పోయింది" అనుకుంటూ ఇంటికెళ్తారు.

ఈ అయ్యోలో అన్యాయం ఉందని నాకనిపించింది కెనడా గాయని జోనీ మిచెల్ వల్ల. 'బోత్ సైడ్స్ నౌ' ఆమె 23 ఏళ్ల వయసులో రాసింది. మబ్బుల్నీ ప్రేమనీ జీవితాన్నీ రెండు వైపుల నుంచీ చూశాను, అయినా అర్థం కాలేదు అనే పాట. 1969 ఆల్బమ్‌లో ఆ గొంతు తేలిపోతూ ఉంటుంది, ఎంతో అందంగా. కానీ ఆ వయసుకే అన్నీ చూసేశానంటే కాస్త పెద్దరికం నటించినట్టే ఉంటుంది. 2000లో అదే పాటను ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడి విడుదల చేసింది. గొంతు బాగా కిందికి దిగింది, బొంగురుపోయింది. ఈసారి నమ్మాలనిపిస్తుంది. 2015లో మెదడులో రక్తనాళం దెబ్బతిని, మాటా నడకా మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. 2024 గ్రామీ వేదిక మీద, 80 ఏళ్ల వయసులో, కుర్చీలో కూర్చుని ఆ పాటే పాడింది. అందులోని మాటలకు సరిపడే వయసు ఆమెకు అప్పటికి వచ్చిందని నాకనిపించింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి స్వీడన్ పాప్ బృందం ఆబ్బాది. 2022 నుంచి లండన్‌లో నడుస్తున్న వాళ్ల షోలో స్టేజి మీద పాడుతూ కనిపించేది ఆ గాయకులు కాదు, 1979 నాటి రూపాలతో తయారుచేసిన వాళ్ల డిజిటల్ బొమ్మలు. టెక్నాలజీ అద్భుతమే, కాదనను. టికెట్ చేతిలో పెడితే నేనూ వెళ్తానేమో. కాకపోతే అక్కడ జుట్టు నెరిసేది ప్రేక్షకులకే. పాట మనతోపాటు నడిచి రావడం వేరు, మనల్ని వెనక్కి పిలవడం వేరు. బొమ్మ గొంతు ఎన్నేళ్లకీ అలసిపోదు, అందుకే అది పాడే విషాదం నాకు అంటదు.

నేను గాయకుణ్ణేమీ కాను, స్నానం చేస్తూ పాడుకునేవాణ్ణి. ఆ క్యాసెట్ పాటలో రెండో చరణం హై పిచ్‌లోకి వెళ్తుంది. ఒకప్పుడు అక్కడ గొంతు చించుకునేవాణ్ణి. ఇప్పుడు నెమ్మదిగా కింది స్థాయికి జారిపోతున్నాను. మొన్న అలా జారబోతుంటే, తలుపవతల నుంచి మా అమ్మాయి పై స్థాయిలో అందుకుంది. ఒక్క మాట కూడా తప్పలేదు. ఆ పాట తనకు నేనెప్పుడూ నేర్పలేదు.