పెద్ద అక్షరాల వాక్యానికి ప్రతిపదార్థ తాత్పర్యాలు

పద్యమిచ్చి ప్రతిపదార్థం రాయుము, తాత్పర్యం రాయుము అని అడిగే పరీక్షల మధ్య పెరిగినవాణ్ణి కనుక, ఏ వాక్యాన్నయినా పదం పదం విడదీసి చూస్తే తప్ప నాకు అన్నం సయించదు. టెక్సస్‌లో స్థిరపడిన ఇన్నేళ్లలో అంతటి పరిశ్రమకు తగిన వాక్యం నాకు ఒక్కటే దొరికింది. అది ఏ గ్రంథంలోనూ లేదు, బ్యాలెట్ మీద ఉంది. పిల్లలు పెరిగిపోతున్నారు, బడులు కట్టాలి, అందుకు బాండ్ల మీద అప్పు తెచ్చుకుని ఆస్తి పన్నుతో తీరుస్తాం, అనుమతి ఇవ్వండి అని ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (బడులను నడిపే స్థానిక సంస్థ) ప్రజల ముందుకు వచ్చినా, ఆ ప్రశ్నలో ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అనే వాక్యం తప్పనిసరిగా ఉండాలని 2019లో ఇక్కడి శాసనసభ చట్టం చేసింది. ఆ వాక్యం చట్టంలోనూ, బ్యాలెట్ మీదా మొదటినుంచి చివరిదాకా ఇంగ్లిషు పెద్ద అక్షరాలలోనే కనిపిస్తుంది. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అనే తేడా లేదు కనుక కాగితం మీద అరిచే సౌకర్యం తెలుగువారికి లేకపోయింది. పాఠకులు ఆ నాలుగు మాటలను చెవులు మూసుకుని చదువుకోవలసిందిగా మనవి.

ముందుగా ‘ఇది’. ఇది అనగా ఏది? పన్ను రేటు నిజంగా పెరిగే సందర్భంలోనే ఈ మాట రాస్తారని అమాయకులు అనుకుంటారు. చట్టానికి అటువంటి సంకుచిత దృష్టి లేదు. రేటు పెరిగినా, ఉన్నచోటే ఉన్నా, పాత అప్పు తీరిపోతున్నందువల్ల ఒక సెంటు తగ్గినా సరే, బడి కోసం తెచ్చే ప్రతి అప్పూ ‘ఇది’లోకే వస్తుంది. ఉపనిషత్తులోని మహావాక్యం ‘అది నీవే’ అంటుంది, టెక్సస్ మహావాక్యం ‘ఇది పన్నే’ అంటుంది. రెండూ అద్వైతమే. అరవై అయిదేళ్లు నిండిన గృహస్థుకు సొంత ఇంటి మీద బడి పన్ను అక్కడికక్కడ గడ్డకట్టి ఉంటుంది, ఎన్ని బాండ్లు గెలిచినా మామూలుగా అది పెరగదు. అయినా ఆ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చూసినప్పుడు బ్యాలెట్ ఆయననూ అదే గొంతుతో అదిలిస్తుంది. సమదృష్టి అంటే ఇదే కదా.

ఈ అద్వైతం పరిపూర్ణంగా దర్శనమిచ్చింది 2023 నవంబరు ఎన్నికలో. డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న మా ప్రాస్పర్ ఊరి డిస్ట్రిక్ట్ మొత్తం 280 కోట్ల డాలర్ల బాండును నాలుగు ప్రశ్నలుగా విడగొట్టి జనం ముందుంచింది. ప్రశ్న ప్రశ్నకూ చివర పెద్ద అక్షరాల అరుపు ఉంది. అదే బ్యాలెట్ మీద రాష్ట్రం తన తరఫున ఒక రాజ్యాంగ సవరణ పెట్టింది. సొంత ఇంటి విలువలో బడి పన్ను పడని భాగాన్ని 40 వేల డాలర్ల నుంచి లక్షకు పెంచడం అందులోని ముఖ్యాంశం. అంటే అది ఆస్తి పన్ను తగ్గింపు. దానిని మాత్రం చిన్న అక్షరాలలో, ఊపిరి తీసుకోవడానికి సెమీకోలన్లు తప్ప మరో ఆధారం లేని ఒకే ఒక్క సుదీర్ఘ వాక్యంలో, మధ్యన ఎక్కడో దాచిపెట్టారు. పెంపుకు డప్పు, తగ్గింపుకు గోప్యత. దానధర్మాలు కుడిచేత్తో చేస్తే ఎడమచేతికి తెలియకూడదన్న నీతిని ఏ ప్రభుత్వమైనా ఇంత నిష్ఠగా పాటించగా నేను చూడలేదు.

ఇక ‘ఆస్తి’. ఇక్కడ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు కనుక బడి బరువులో పెద్ద వాటా ఇళ్ల మీద పడుతుంది. ఆ ఇళ్లు కొన్నది ఎవరు, ఎందుకు? మనవాళ్లు ఇల్లు కొనే పద్ధతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే కొన్నాను. తూర్పు ముఖం ఉందా అన్నది మొదటి ప్రశ్న, స్కూల్ రేటింగ్ తొమ్మిదా పదా అన్నది రెండో ప్రశ్న, పైకప్పు కారుతుందా అన్నది తాళాలు చేతికి వచ్చాక గుర్తొచ్చే ప్రశ్న. నా ఇంటి ధరలో సగం ఇటుకలకు, సగం ఆ రేటింగుకు చెల్లించాను. పొరుగువాడు కూడా అందుకే వచ్చాడు, వాడి బావమరిది కూడా అందుకే వచ్చాడు. అందరం ఆ బడి కోసమే వచ్చాం కనుక ఆ బడి నిండిపోయింది. ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు గానీ, మా వీధిలో జరిగే ప్రతి పుట్టినరోజు విందులోనూ కనీసం ఒకరు చేతిలో మిర్చి బజ్జీతో, ‘ఇంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నారండీ’ అని ఆశ్చర్యపడుతూనే ఉంటారు. నాకంటే సరిగ్గా ఒక రోజు ఆలస్యంగా వచ్చిన ప్రతివాడూ జనాభా సమస్యే.

ఈ ‘ఆస్తి’ గలవారిలో ఒక విశేష వర్గాన్ని తప్పక పరిచయం చేయాలి. మా ఎదురింటి తమ్ముడు హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. గ్రీన్ కార్డు వరుసలో నిలబడి పన్నెండేళ్లయింది. పక్క ఊరు ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమంతుడి చుట్టూ అతను చేసిన ప్రదక్షిణలను ఒక తీగగా సాగదీస్తే అది గుంటూరు చేరేది. అతని ఇల్లు నా ఇంటికంటే పెద్దది కనుక బడి పన్ను నాకంటే ఎక్కువ కడతాడు, ఇద్దరు పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు, వోటు మాత్రం లేదు. పౌరసత్వం లేనిదే వోటు ఉండదన్నది న్యాయమే, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా నాతోనే. నాకు పౌరసత్వం వచ్చింది, పన్ను అతనికంటే తక్కువ, నా కొడుకు బడి దాటి కాలేజీలో పడ్డాడు, వోటు నా దగ్గర ఉంది. నీళ్లు ఒకడి బావిలో ఉంటే చేద మరొకడి చేతిలో ఉండడం అంటే ఇదే.

‘పన్ను’ అనే పదం దగ్గర పండితులు కూడా తడబడతారు. దేవాలయంలో రెండు హుండీలు ఉన్నాయనుకోండి. ఒకటి గోపురం కట్టడానికి, రెండోది పూజారికి జీతమివ్వడానికి. గోపురం హుండీలో డబ్బు పొంగి పొర్లుతున్నా పూజారికి ఒక్క రూపాయి ఇవ్వకూడదు. ఇక్కడి బడి పన్నులో కూడా అలాగే రెండు పద్దులు ఉంటాయి. ఎం అండ్ ఓ అనేది జీతాలకు, కరెంటుకు, బస్సుల నిర్వహణకు. ఐ అండ్ ఎస్ అనేది బాండ్ల అప్పు తీర్చడానికి మాత్రమే. బాండు గెలిస్తే కొత్త బడి లేస్తుంది, దానిలో పాఠం చెప్పే మనిషి జీతం మాత్రం ఆ డబ్బులోంచి రాదు. జీతాల హుండీకి ఆధారం ఒక్కో విద్యార్థికి ఇంత అని రాష్ట్రం లెక్కగట్టే తలసరి మొత్తం. అది 2019లో 6,160 డాలర్లు. ఆరేళ్లపాటు ధరలన్నీ పెరుగుతుంటే అది మాత్రం ధ్రువనక్షత్రంలా కదలకుండా నిలిచి, 2025లో ప్రజల హర్షధ్వానాల నడుమ 55 డాలర్లు పెరిగింది. ఆ నిశ్చలత్వాన్ని గురించి పెద్ద అక్షరాలలో ఏ కాగితం మీదా ఏమీ రాయలేదు.

ఈ భేదం తెలియక మా నాన్నగారు చాలా కంగారు పడ్డారు. ఆయన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, మా బాండు ఎన్నిక జరిగిన ఏడు మమ్మల్ని చూడడానికి వచ్చారు.

“బడి కట్టడానికి వోట్లేమిట్రా? మేమైతే ఎం.ఈ.ఓ.కి అర్జీ పెట్టుకునేవాళ్లం.”

“అర్జీ పెడితే కట్టేవారా నాన్నా?”

“కట్టేవారు కాదు. కానీ కట్టకపోవడానికి ఎవరినీ అడిగేవారు కాదు.”

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘నాడు–నేడు’ అన్నా, తెలంగాణలో 2022లో ‘మన ఊరు – మన బడి’ అన్నా, బడి గోడలకు రంగులు వేసే ముందు ఎవరూ పన్నుదారుడి తలుపు తట్టలేదు. ఇక్కడ తలుపు తడతారు, కాకపోతే తట్టినవాడికి నోరు కట్టేసి పంపిస్తారు. డిస్ట్రిక్ట్ సొమ్ముతో బాండుకు వోటెయ్యమని గానీ వద్దని గానీ ప్రచారం చేయకూడదని రాష్ట్ర చట్టం. అందువల్ల సమావేశాలలో అధికారులు వచ్చి, ఇంతమంది పిల్లలు ఉన్నారు, ఇంతమంది వస్తారు, ఇన్ని గదులు ఉన్నాయి అని అంకెలన్నీ తెరమీద చూపించి, ‘కనుక’ అనే మాట దగ్గరికి వచ్చేసరికి టక్కున ఆగి మంచినీళ్లు తాగుతారు.

‘పెంపు’ అన్నది చివరి పదం, నా అభిప్రాయంలో వాక్యానికి ప్రాణం. మా ఊరి పేరుకే ఇంగ్లిషులో ‘వర్ధిల్లు’ అని అర్థం. పేరు పెట్టినవారు దీవించారు, ఊరు మాట విన్నది. మొక్కజొన్న చేలున్నచోట ఏడాది తిరిగేసరికి ఇళ్లు, ఇళ్లున్నచోట సైకిళ్లు, సైకిళ్ల వెనక పిల్లలు. ఇన్ని పెంపుల మధ్య చట్టం గుర్తించి, పేరుపెట్టి, పెద్ద అక్షరాలతో సత్కరించిన పెంపు ఒక్క పన్నుదే. పిల్లల పెంపు ఎలా ఉంటుందో నేను ఒకసారి దగ్గరనుంచి చూశాను. ఎదురింటి తమ్ముడికి ఆఫీసులో పని తగిలి, వాళ్ల రెండో తరగతి పిల్లవాడి టీచరుతో సమావేశానికి అతని భార్యకు తోడుగా నన్ను పంపించాడు. తరగతి గది అసలు భవనంలో లేదు. వెనక పార్కింగ్ స్థలంలో చక్రాలు తీసేసిన లారీ డబ్బాల్లా నిలబెట్టిన పోర్టబుల్స్‌లో మూడోది. చెక్క ర్యాంపు మీద నడుస్తుంటే అడుగడుగుకూ మద్దెల మోత. గోడకు బిగించిన ఏసీ మొదలైనప్పుడల్లా టీచరమ్మ వాక్యం మధ్యలో ఆగి, అది ఆగాక అక్కణ్ణుంచే అందుకునేది, ఎన్నాళ్ల అభ్యాసమో గానీ ఒక్క మాట కూడా జారలేదు. తలుపు పక్కన మేకుకు ల్యామినేషన్ చేసిన పాస్ ఒకటి, దాని కింద ఒక గొడుగు వేలాడుతున్నాయి. బాత్రూమ్ అసలు భవనంలో ఉంది కనుక, వానొస్తే పిల్లవాడు రెండూ తీసుకుని బయల్దేరాలట. గొడుగు వాడికంటే పొడుగ్గా ఉంది.

కొన్ని కావ్యాలలో ప్రక్షిప్తాలు ఉంటాయి, బాండులో స్టేడియం అటువంటిది. వెయ్యిమందికి పైగా కూర్చునే స్టేడియం అయితే దానిని విడి ప్రశ్నగా అడగాలని చట్టం. ఇది మాత్రం మంచి చట్టమని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఎందుకంటే పక్కనున్న ఆలెన్ స్కూల్ డిస్ట్రిక్ట్ 2009 నాటి 11 కోట్ల 90 లక్షల డాలర్ల బాండులోంచి 6 కోట్లు ఖర్చుపెట్టి, 18 వేలమంది కూర్చునే స్టేడియాన్ని 2012లో ప్రారంభించింది, 2014 నాటికి కాంక్రీటుకు పగుళ్లిచ్చి మూసి మరమ్మతు చేయవలసి వచ్చింది. మన దగ్గర కట్టిన మరుసటేడు పెచ్చులూడే బడులను చూసి నిట్టూర్చే నాకు, ఆ వార్త చదివినప్పుడు పరాయి దేశంలో ఉన్నానన్న బెంగ పూర్తిగా పోయింది. 2023లో మా వాళ్లు అడిగినవాటిలో సుమారు 9 కోట్ల 40 లక్షల స్టేడియం కూడా ఉంది. బడుల కోసం అడిగిన 240 కోట్ల ప్రశ్న గెలిచింది, స్టేడియం ఓడింది. ఫుట్‌బాల్‌ను మతంగా పాటించే రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. వోటరు అరుపును విని కూడా ఏది గది, ఏది గ్యాలరీ అని విడిగా చూసుకున్నాడు.

మరుసటేడు ఫ్రిస్కోలో కథ మారింది. 1990లలో కొన్ని వేలమంది పిల్లలతో ఉండి, తరవాత 60 వేలు దాటిన డిస్ట్రిక్ట్ అది. మనవాళ్లు మొదట దిగిన రేవు కూడా అదే. అక్కడి వోటర్లు 2014లో 77 కోట్ల 50 లక్షలు, 2018లో 69 కోట్ల 10 లక్షలు సంతోషంగా ఇచ్చారు, అప్పుడు పిల్లలు వరదలా వస్తున్నారు. 2024 నవంబరులో పాతబడిన బడుల బాగుచేతకు ప్రధానంగా అడిగిన 98 కోట్ల 60 లక్షలతో సహా నాలుగు ప్రశ్నలూ ఓడిపోయాయి. వరద ఉత్తరంగా మా వైపు మళ్లింది, తమ పిల్లలు చాలామంది చదువు ముగించుకున్నారు, ఏరు దాటాక తెప్పకు తారు పూయడమెందుకని వారి భావం కాబోలు. వారిని నేను తప్పుపట్టను. నా కొడుకు కాలేజీకి వెళ్లిన ఏడాదినుంచి బాండుల పట్ల నాలో కూడా అదే వేదాంతం చిగురించడం గమనించాను.

మా వాట్సాప్ గ్రూపు సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో హద్దులు మార్చే రీజోనింగ్‌లో మా వీధి పిల్లలు పక్క బడికి మారవచ్చని పుకారు పుట్టిన రాత్రి గ్రూపు తెల్లవారిందాకా నిద్రపోలేదు. బాండు ముందస్తు పోలింగ్ మొదలైన రోజున అదే గ్రూపులో వచ్చింది ఒక గుడ్‌మార్నింగ్ గులాబీ, ఒక ఆవకాయ ప్రకటన.

2023 అక్టోబరులో మా బాండు ముందస్తు పోలింగ్‌కు నేను వెళ్లాను. యంత్రం తెరమీద ఆ వాక్యం నాలుగుసార్లు అరిచింది, నాలుగుసార్లూ ఉలిక్కిపడ్డాను. వోటు రహస్యం కనుక ఏమి నొక్కానో చెప్పను. తిరిగి వస్తూ ఎదురింటివారికి గోంగూర కట్ట ఇవ్వడానికి ఆగాను. పిల్లవాడు తలుపు తీశాడు. నా చొక్కా మీద ‘నేను వోటు వేశాను’ అన్న స్టిక్కరు చూసి, “పెదనాన్నా, అది నాకిస్తావా?” అన్నాడు. ఇచ్చాను. మర్నాడు దానిని బనీను మీద అతికించుకుని, మూడో నంబరు పోర్టబుల్‌కు వెళ్లాడట. స్టిక్కరు బదిలీని నిషేధించే సెక్షన్ ఏదీ టెక్సస్ ఎన్నికల చట్టంలో నాకైతే కనబడలేదు.