ఆ ఫొటోలు బాల్‌రూమ్‌లో తీసినవి కావు

1897 జూలై 2న లండన్‌లోని డెవన్‌షైర్ హౌస్‌లో జరిగిన వేషధారణ విందు గురించి, అందులో క్లియోపాట్రాగా వచ్చిన మిన్నీ పాజెట్ గురించి మీ వ్యాసం బాగుంది. ఒక్క దిద్దుబాటు: అతిథుల ఫొటోలు బాల్‌రూమ్‌లో, అంటే ఆ భవనపు నాట్యశాలలో, తీసినవని అందులో ఉంది, అది సరికాదు. ఫొటోల వెనక కనిపించే తోటలు, స్తంభాలు ఆ భవనంవి కావు, రంగులు వేసిన తెరలు. లఫాయెట్ అనే ఫొటో కంపెనీ పెరట్లో డేరా వేసి విద్యుద్దీపాల వెలుగులో ఫొటోలు తీసింది. కొందరైతే తర్వాత స్టూడియోకి వెళ్లి, అదే వేషం మళ్లీ కట్టుకుని తీయించుకున్నారు.

ఈ ఫొటోల్లో వెతికేవాళ్లు ఇవి గుర్తుంచుకోవాలి. అతిథులు దాదాపు 700 మంది, ఆ విందు ఫొటోలతో తర్వాత అచ్చువేసిన ఆల్బమ్‌లో ఉన్నవి 286 చిత్రాలే. కాబట్టి ఒకరి ఫొటో లేదంటే వాళ్లు రాలేదని కాదు. పెళ్లయిన స్త్రీల పేర్లు భర్త పేరుమీదే ఉంటాయి: మిన్నీ అక్కడ ‘మిసెస్ ఆర్థర్ పాజెట్’. పాజెట్ దంపతులకు సర్, లేడీ అనే గౌరవాలు తర్వాత వచ్చినవి. పైగా ఆ రాత్రి లేడీ డి గ్రే అనే మరో అతిథి కూడా క్లియోపాట్రాయే! ఫొటో కింది శీర్షిక చూడకుండా నమ్మితే ఇద్దరినీ కలిపేస్తాం.

మిన్నీ భర్త ఆర్థర్, బ్రిటిష్ సైన్యంలోని స్కాట్స్ గార్డ్స్ దళంలో అధికారి. అయినా తన యూనిఫాం వేసుకుని రావడానికి వీల్లేదు, 1815కి ముందు కాలపు చారిత్రక వేషమో, ప్రతీకాత్మక వేషమో ఉండాలని ఆహ్వానంలోనే షరతు. సైనికులకు ఇది అదనపు ఖర్చే.

రంగులు మాత్రం ఫొటో చూసి ఊహించకండి. అప్పటి ఫొటో ప్లేట్లకు (ఫిల్మ్‌ బదులు వాడిన గాజు పలకలకు) ఎరుపు దాదాపు పట్టదు, నీలం తెల్లగా తేలుతుంది. నల్లగా కనిపించే కోటు నిజానికి ఎర్రదే కావచ్చు.